అడవి అంచు ఊళ్లు: చిరుతపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: జీడితోట పక్కన మా మేకల సాల ఉంది. తెల్లారి చూస్తే మూడు చచ్చి పడున్నాయి, ఒక్కదాన్నే కొంచెం తిన్నాది. చిరుతని కొందరు, కుక్కలని కొందరు. ఎలా తేల్చుకోవాలి?
- మందస మండలం నుంచి ఒక పెంపకందారు

జవాబు: ముందు గొంతు చూడండి. చిరుత గొంతు పట్టి ఊపిరాడకుండా చంపుతుంది. బొచ్చు పక్కకు తీస్తే నాలుగు కోరల గాట్లు లోతుగా కనిపిస్తాయి, మిగతా ఒంటిమీద చీలికలు తక్కువ. కుక్కలకు ఆ నేర్పు లేదు. తొడలు, పొదుగు, చెవులు ఎక్కడ దొరికితే అక్కడ చింపేస్తాయి. పశువైద్యుడి చేత గాటు దగ్గర తోలు ఒలిపించండి. ప్రాణం ఉండగా పడ్డ గాటైతే లోపల నెత్తురు కమిలి ఉంటుంది. చచ్చాక కొరికితే కమలదు.

మూడు చంపి ఒక్కటే తినడం వింత కాదు. తప్పించుకునే దారిలేక మేకలు బెదిరి పరుగులు తీస్తుంటే, ఆ కదలికకే చిరుత పట్టుకుంటూ పోతుంది. ఫొటోలు తీసి, అటవీ సిబ్బంది వచ్చి చూసేదాకా కళేబరాన్ని పాతిపెట్టకండి. పరిహారానికి అదే ఆధారం. కోపంతో కళేబరం మీద గుళికల మందు చల్లారా, నేరం మీదే: చిరుత షెడ్యూల్ 1 (వన్యప్రాణి రక్షణ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాబితా) జంతువు, చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పైగా ఆ మందుకు ముందు పోయేవి ఊరి కుక్కలూ కాకులూ.

ప్రశ్న: అడుగు చిరుతదో హైనాదో ఎలా తెలుస్తుంది?
- మెళియాపుట్టి

జవాబు: గోళ్లు చూడండి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, నేలమీద నాలుగు వేళ్లూ మెత్తా (వేళ్ల వెనక ఉండే పాదం దిండు) మాత్రమే పడతాయి. మెత్త వెనక అంచున మూడు బొడిపెలు ఉంటాయి. హైనా, కుక్క అడుగుల్లో గోటి గుర్తులు పడతాయి. పెద్ద చిరుత అడుగు వెడల్పు 7 నుంచి 9 సెంటీమీటర్లు. 12 దాటితే పెద్దపులిని అనుమానించాలి. అయితే తడి బురదలో అడుగు విచ్చుకుని పెద్దదిగా కనిపిస్తుంది, దాన్ని చూసే ఊళ్లలో 'పెద్దపులి' పుకార్లు పుడతాయి. బండిబాట దుమ్ములో పడ్డ అడుగునే నమ్మండి. పక్కన అగ్గిపెట్టె పెట్టి, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి.

ప్రశ్న: సాలకు ఆరడుగుల గోడ కట్టాం, రాత్రంతా బల్బు వెలుగుతుంది. చాలదా?
- శృంగవరపుకోట

జవాబు: చాలదు. చిరుత పదడుగులు కూడా ఎగురుతుంది. పైకప్పు లేని గోడ దానికి మెట్టులాంటిది. తాటాకు కప్పును పంజాతో చీల్చుకుని దిగుతుంది. కప్పు కింద రెండంగుళాల కన్నాల వెల్డుమెష్ (అతికించిన ఇనుప వల) పరిచి, నాలుగు వైపులా గోడకు బిగించండి. కన్నం అంతకంటే పెద్దదైతే పంజా దూరి మేకను గీరేస్తుంది. తడిక తలుపు తీసేసి ఇనుప తలుపు పెట్టండి, గడియ బయట ఉండాలి, కింద నాలుగు వేళ్లకు మించి సందు ఉండకూడదు. ఖర్చంతా మెష్‌కే. ఊరివాళ్లు గోడకు పోసే డబ్బు దీనికి పెడితే నయం.

బల్బుకు రెండు మూడు రాత్రుల్లో అలవాటు పడిపోతుంది. చికెన్ కొట్టు వ్యర్థాలు ఊరి చివర పారబోస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది.

ప్రశ్న: బోను పెట్టి పట్టి దూరపు అడవిలో వదిలేయొచ్చు కదా?

జవాబు: మనుషుల మీద పడుతున్న జంతువు సంగతి వేరు. మేకను తిన్న ప్రతి చిరుతనూ తరలిస్తే ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది. తెలియని చోట వదిలింది తన పాత తావు వెతుక్కుంటూ ఊళ్ల మీదుగా నడుస్తుంది. మహారాష్ట్ర జున్నర్‌లో ఇలా తరలించాక మనుషులపై దాడులు పెరిగాయి.

ప్రశ్న: చెరకు కోస్తుంటే చిరుత పిల్లలు కనబడితే?
- గజపతినగరం

జవాబు: చెయ్యి పెట్టకండి, కోత ఆపి అందరూ వెనక్కి రండి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఒంటినిండా మచ్చలు లేకుండా, తోక పొట్టిగా ఉంటే అది అడవిపిల్లి పిల్ల కావచ్చు, దాన్నీ ముట్టకండి. చిరుత పిల్లలైతే అటవీ సిబ్బందికి చెప్పి, ఆ మడిని ఒక రాత్రి వదిలేయండి. తల్లి చీకటిపడ్డాక ఒక్కొక్కదాన్నీ మెడ పట్టి తీసుకుపోతుంది. టార్చిలతో గుమిగూడితే రాదు.