టీఎస్‌హెచ్ 7.8 వస్తే మాత్ర మొదలుపెట్టాలా, ఆగాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 34, ఏడాదిగా నీరసం, జుట్టు రాలిపోతోంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) 7.8, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) నార్మల్. ఒక డాక్టరుగారు జీవితాంతం మాత్ర వాడాలన్నారు, ఇంకొకరు ఇప్పుడే ఏమీ అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి, మాత్ర వేసుకుంటే ఎన్నాళ్ళకు తేడా తెలుస్తుంది అని అడిగారు. నేను డాక్టర్ని కాదండీ. పదకొండేళ్ళుగా థైరాయిడ్ మాత్ర మింగుతున్న పేషెంటుని. ఆ మాత్ర దాకా చేరడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చేరాక దాన్ని సరిగ్గా మింగడం నేర్చుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. నేను చెప్పగలిగేదంతా ఆ మూడేళ్ళలో నేర్చుకున్నదే.

ముందుగా, జుట్టు కోసం ఏవో మాత్రలు వాడుతున్నానని చివర్లో రాశారు చూడండి, ఆ డబ్బా ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. జుట్టుకీ గోళ్ళకీ అమ్మే మాత్రల్లో చాలావాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. అది మీ థైరాయిడ్‌ని ఏమీ చేయదు గానీ, రక్తపరీక్షను పక్కదారి పట్టిస్తుంది. చాలా ల్యాబుల్లో హార్మోన్లు కొలిచే పద్ధతి బయోటిన్ మీదే ఆధారపడి ఉంటుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ అసలు కంటే తక్కువగా, టీ4 అసలు కంటే ఎక్కువగా కనబడొచ్చు. అంటే మీ 7.8 నిజానికి ఇంకా పెద్ద అంకె కావచ్చు, నార్మల్ అన్న టీ4 అంత నార్మల్ కాకపోవచ్చు. ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా ఈ సంగతి అడిగారో లేదో మీరు రాయలేదు. మళ్ళీ పరీక్ష చేయించేముందు కనీసం రెండు రోజులు ఆ మాత్రలు ఆపండి. డోసు బాగా ఎక్కువైతే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు, ల్యాబు వాళ్ళని గానీ డాక్టర్ని గానీ అడగండి.

ఇక నా సంగతి. అప్పుడు నాకు 41. మొదలైంది జబ్బులా కాదు, బద్ధకంలా. పొద్దున లేవబుద్ధి కాదు, సాయంత్రానికి కుర్చీలోనే కునుకు. పని ఒత్తిడి అనుకున్నాను. అందరూ ఫ్యాను వేసుకుంటే నేను దుప్పటి కప్పుకునేవాణ్ణి. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. మలబద్ధకానికి నీళ్ళు సరిగ్గా తాగకపోవడం కారణం, రాత్రిళ్ళు చేతివేళ్ళ తిమ్మిరికి కంప్యూటర్ కారణం, ఐదు కిలోల బరువుకి నడక మానేయడం కారణం. ఇలా ప్రతిదానికీ విడిగా ఒక సంజాయిషీ దొరికేది, అదీ నమ్మేలా ఉండేది. గొంతు కూడా బొంగురుపోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "జలుబు చేసిందా నాన్నా" అని అడిగేది. ఆరు నెలలు అదే జలుబు.

నాకు థైరాయిడ్ అని ఎవరికీ, ముఖ్యంగా నాకు, తట్టకపోవడానికి ఇంకో కారణం నేను మగవాణ్ణి కావడం. ఇది ఆడవాళ్ళలో చాలా ఎక్కువన్న మాట నిజమే. మగవాళ్ళకు రాదన్నది మాత్రం ఉత్త మాట.

ఆ మధ్యలో ఏదో పరీక్షల్లో ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ 190 దాటిందని తేలింది. దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. రెండు నెలలకి తొడలు, పిక్కలు పట్టేసి, మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన నా రిపోర్టులు పక్కన పెట్టి ముందు నా ముఖం చూశారు. నాడి చూశారు, 54. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో కొట్టారు. పాదం టక్కున కదిలింది గానీ, మళ్ళీ మామూలు చోటికి రావడానికి తీరిగ్గా వచ్చింది. "మీకు టీఎస్‌హెచ్ ఎప్పుడైనా చేశారా?" అన్నారు. రెండేళ్ళలో నలుగురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను, ఒక్కరూ చేయించలేదు. నేనూ ఏ ఒక్కరికీ అన్నీ కలిపి చెప్పలేదు లెండి. ఒకరికి చేతుల తిమ్మిరి, ఒకరికి మలబద్ధకం, ఒకరికి కొలెస్ట్రాల్. ముక్కలు ముక్కలుగా చెప్తే వాళ్ళు ముక్కలుగానే వైద్యం చేశారు.

టీఎస్‌హెచ్ 86 వచ్చింది. ఫ్రీ టీ4 ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. మా బావమరిది రిపోర్టు చూసి "ఎనభై ఆరంటే థైరాయిడ్ బాగా ఎక్కువైనట్టే కదా బావా" అని వాదన. కాదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్. మెడలోని థైరాయిడ్‌ని "పని చెయ్యి" అని తోలేది అదే. థైరాయిడ్ మొరాయించే కొద్దీ ఇది పెరుగుతుంది. అందుకే లోపం ఉంటే అంకె పైకి పోతుంది. అరుదుగా పిట్యూటరీకే జబ్బు చేస్తుంది. అప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపిస్తూనే టీ4 పడిపోయి ఉంటుంది. ఒక్క టీఎస్‌హెచ్ చూసి సరిపెట్టకుండా ఫ్రీ టీ4 కూడా అడగడం అందుకే మంచిది.

యాంటీ టీపీఓ యాంటీబాడీలు కూడా బాగా ఎక్కువ ఉన్నాయి. అంటే నా ఒంటి రక్షణ వ్యవస్థే నా థైరాయిడ్‌ని శత్రువనుకుని కొరుక్కు తింటోందన్నమాట. దీన్ని 1912లో మొదట వివరించిన జపాన్ డాక్టరు హషిమోటో పేరే జబ్బుకి పెట్టారు. కొలెస్ట్రాల్ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని కాలేయం లాగేయాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. అది లేక కొలెస్ట్రాల్ పెరిగింది. దానికి స్టాటిన్ ఇచ్చారు. థైరాయిడ్ లోపం ఉన్నవాళ్ళలో స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ మాత్ర కుదిరాక, స్టాటిన్ లేకుండానే ఆ 190 నాకు 120కి దిగింది. అందరికీ అలా దిగుతుందని కాదు, కానీ కొలెస్ట్రాల్ కొత్తగా పెరిగిందంటే టీఎస్‌హెచ్ చూడమని ఇప్పుడు కనిపించిన వాళ్ళందరికీ చెప్తుంటాను.

లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర 50తో మొదలుపెట్టారు. 50 అంటే మైక్రోగ్రాములు, మిల్లీగ్రాములు కాదు. ఆరు వారాల తర్వాత పరీక్షకు రమ్మన్నారు. నాకు ఓపిక లేక రెండు వారాలకే సొంతంగా చేయించుకుని, అంకె పెద్దగా తగ్గలేదని టెన్షన్ పడ్డాను. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. టీఎస్‌హెచ్ స్థిరపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అంతకుముందు చేయిస్తే రక్తం, డబ్బు రెండూ దండగ.

తర్వాత జరిగింది పూర్తిగా నా తెలివితక్కువతనం. డోసు 100 చేశారు, టీఎస్‌హెచ్ 18 దగ్గర ఆగిపోయింది. 125 చేశారు, 14. 150 చేశారు, 11. ఆఖరికి ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ రిపోర్టు చూడకుండా "పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి గంటసేపు మీరేం చేస్తారో వరసగా చెప్పండి" అన్నారు. చెప్పాను. లేస్తాను, కాఫీతో థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, దాంతోపాటే గ్యాస్ మాత్ర, కాల్షియం మాత్ర కూడా. "పరగడుపున వేసుకోమన్నారు కదా?" అన్నారు. కాఫీ తిండి కాదు కదండీ అన్నాను! ఆవిడ నవ్వలేదు.

కాఫీ ఈ మందుని పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా చేరనివ్వదు. కాల్షియం, ఐరన్ మాత్రలు దాన్ని పట్టేసుకుంటాయి, వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు వాడినా మందు సరిగ్గా కరగదు. వట్టి మంచినీళ్ళతో వేసుకుని, అరగంట, కుదిరితే గంట ఏమీ ముట్టుకోకూడదు. అలా కుదరనివాళ్ళు రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునేముందు వేసుకోవచ్చు. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, పొద్దున కాఫీకి అడ్డం లేకుండా.

సరిగ్గా మింగడం మొదలుపెట్టానో లేదో, అదే 150 నాకు ఎక్కువైపోయింది. గుండెదడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర లేదు. టీఎస్‌హెచ్ 0.04. ఇదీ మంచిది కాదు. చాలాకాలం అలాగే ఉంటే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పలచబడొచ్చు. తగ్గించి 112 దగ్గర నిలబెట్టారు. నా 70 కిలోల బరువుకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్కేస్తే వచ్చేదీ అదే. అంటే 150 దాకా పెంచనక్కర్లేకుండానే సరిపోయేది. ఈ లెక్క అందరికీ వర్తించదు. వయసు పైబడిన వాళ్ళకి, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి 25తోనో ఇంకా తక్కువతోనో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు.

ఇప్పుడు మీ ఇద్దరు డాక్టర్ల సంగతి. నా కథ విని "అయితే నేనూ వెంటనే మొదలుపెట్టేయాలి" అనుకోకండి. నాది 86, టీ4 పడిపోయింది, అందులో సందేహానికి చోటే లేదు. మీది టీఎస్‌హెచ్ కాస్త పెరిగి టీ4 నార్మల్‌గా ఉన్న దశ. సబ్‌క్లినికల్ అంటారు. ఇందులో ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం వింతేం కాదు. ఒక్క పరీక్షతో తేల్చరు. రెండు మూడు నెలల తర్వాత, అదే ల్యాబులో, పొద్దున పూటే, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓలతో కలిపి మళ్ళీ చేయిస్తారు. టీఎస్‌హెచ్ రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. ఏదైనా పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నప్పుడు కొన్నాళ్ళు పెరిగి దానంతటదే దిగిపోతుంది.

మళ్ళీ చేసినా 10 దాటితే ఎక్కువమంది డాక్టర్లు మాత్ర ఇస్తారు. ఐదుకీ పదికీ మధ్య ఉంటే యాంటీబాడీలు ఉన్నాయా, మెడ దగ్గర వాపు ఉందా, కొలెస్ట్రాల్ ఎంత, లక్షణాలు ఎంత ఇబ్బంది పెడుతున్నాయి అన్నవి చూసి నిర్ణయిస్తారు. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. పెద్దవాళ్ళలో టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ ఉండటం మామూలే. సగటున 74 ఏళ్ళున్న సబ్‌క్లినికల్ పేషెంట్ల మీద చేసి 2017లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మాత్ర వేసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ నీరసంలో తేడా కనబడలేదు. మీకు 34 కాబట్టి దాన్ని నేరుగా మీకు అంటగట్టలేం.

మీరు రాయనిది ఒకటుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, ఆ ఆలోచన ఉన్నా రెండు మూడు నెలలు ఆగకుండా ఇప్పుడే డాక్టరుకి చెప్పండి. తొలి నెలల్లో కడుపులో బిడ్డ తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది కాబట్టి లెక్కలన్నీ మారిపోతాయి. ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్ళకి కూడా గర్భం వచ్చిందని తెలియగానే డోసు దాదాపు పావు నుంచి మూడోవంతు దాకా పెంచాల్సి వస్తుంది.

"జీవితాంతం" అన్న మాటకి భయపడ్డట్టున్నారు. నాలాంటి వాళ్ళకి అది నిజం, నా గ్రంథి తిరిగి పనిచేయదు. మీ దశలో మాత్ర ఇచ్చినా, దాన్ని ప్రయత్నంగా ఇవ్వొచ్చు. టీఎస్‌హెచ్ నార్మల్ అయి మూడు నాలుగు నెలలు గడిచినా మీకు ఏ తేడా తెలియకపోతే, ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. ఎందుకంటే నీరసానికి థైరాయిడ్ ఒక్కటే కారణం కాదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు తెలిపే పరీక్ష), బీ12 కూడా చూపించుకోండి. ఐరన్ నిల్వలు తగ్గినా జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది. పీరియడ్స్‌లో రక్తస్రావం ఎక్కువైతే ఐరన్ పడిపోతుంది, థైరాయిడ్ లోపం ఆ రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. నాకు టీఎస్‌హెచ్ 2కి వచ్చాక కూడా కొంత మత్తు మిగిలిపోయింది, చూస్తే బీ12 బాగా తక్కువ. హషిమోటో ఉన్నవాళ్ళలో అది తోడవడం మామూలేనట.

థైరాయిడ్‌ని మూలం నుంచి నయం చేస్తామనే పొడుల జోలికి మాత్రం పోకండి. సముద్రపు నాచుతో చేసేవాటిలో అయోడిన్ మోతాదుకు మించి ఉండొచ్చు. హషిమోటో ఉంటే అది గ్రంథిని ఇంకా అణిచేస్తుంది.

ఎన్నాళ్ళకు తేడా తెలుస్తుంది అన్నారు కదా. సరిగ్గా మింగడం మొదలుపెట్టాక నాకు మూడో వారానికి కునికిపాట్లు తగ్గాయి. చలి, మలబద్ధకం రెండో నెలకి. చేతుల తిమ్మిరి నెమ్మదిగా పోయింది. జుట్టుకి అన్నిటికంటే ఎక్కువ కాలం, ఆర్నెల్లు దాటింది. గొంతు ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. ఒకరోజు అమ్మ ఫోన్‌లో "జలుబు తగ్గినట్టుందిరా" అంది.