ఓట్లు ఎక్కువొచ్చినా గద్దె దక్కలేదెందుకు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

1890ల నుంచి 1908 దాకా అమెరికా రాష్ట్రాల్లో జరిగిన గవర్నర్ ఎన్నికల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలివి. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: 1899 కెంటకీ ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి టేలర్‌కే ఎక్కువ ఓట్లు వచ్చాయని చదివాను. కెంటకీ గవర్నర్ల జాబితాలో మాత్రం ఓడిన గోబెల్ పేరు కూడా ఉంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. విలియం టేలర్‌కు 1,93,714 ఓట్లు, డెమొక్రాట్ విలియం గోబెల్‌కు 1,91,331 ఓట్లు వచ్చాయి. తేడా 2,383. గోబెల్ పొడ గిట్టని డెమొక్రాట్లు మాజీ గవర్నర్ జాన్ యంగ్ బ్రౌన్‌ను విడిగా నిలబెట్టారు. ఆయన 12,040 ఓట్లు పట్టుకుపోయాడు. ఆ చీలిక లేకపోతే ఈ గొడవంతా ఉండేదే కాదు.

అసలు కథ మాత్రం ఏడాది ముందే మొదలైంది. రాష్ట్ర సెనేట్‌లో చక్రం తిప్పుతున్న గోబెల్ 1898లో ఒక ఎన్నికల చట్టం తెచ్చాడు. గవర్నర్ బ్రాడ్లీ వీటో చేసినా సభ దాన్ని మళ్ళీ నెగ్గించింది. ఆ చట్టం ప్రకారం రాష్ట్ర శాసనసభ ముగ్గురు ఎన్నికల కమిషనర్లను ఎంపిక చేస్తుంది. వాళ్ళు కౌంటీ కమిషనర్లను, కౌంటీ కమిషనర్లు పోలింగ్ సిబ్బందిని నియమిస్తారు. శాసనసభ డెమొక్రాట్లది కాబట్టి పైనుంచి కిందదాకా యంత్రాంగం ఒకే పార్టీ చేతిలో ఉన్నట్టే. అయినా ఫలితం వచ్చాక ఆ ముగ్గురు కమిషనర్ల బోర్డే 2–1 తేడాతో టేలర్ గెలిచాడని ప్రకటించింది. తమకు వచ్చిన లెక్కలను కూడడమే తమ పని, ఓట్ల మంచిచెడ్డలు తేల్చే అధికారం తమకు లేదని ఆ ఇద్దరూ నిలబడ్డారు. సొంత పార్టీ ఒత్తిడిని తట్టుకుని నిలబడిన ఆ ఇద్దరిని ఇవాళ ఎవరూ తలుచుకోకపోవడం అన్యాయమే. 1899 డిసెంబర్ 12న టేలర్ ప్రమాణ స్వీకారం చేశాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కెంటకీ రాజ్యాంగం ప్రకారం గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) ఎన్నికల మీద వివాదం వస్తే తీర్పు చెప్పేది కోర్టు కాదు, శాసనసభ. డెమొక్రాట్లు అక్కడ ఫిర్యాదు వేశారు. రిపబ్లికన్ కౌంటీల్లో బ్యాలెట్లను పలచటి కాగితం మీద అచ్చేశారని, వేసిన గుర్తు వెనక నుంచి కనబడుతుంది కాబట్టి రహస్యం పోయిందని వాళ్ళ వాదన. లూయివిల్‌లో సైన్యాన్ని దింపి ఓటర్లను భయపెట్టారన్నది ఇంకో ఆరోపణ. విచారణకు చీటీలు తీసి 11 మందితో సంఘం వేశారు. చీటీల్లో దాదాపు అందరూ డెమొక్రాట్లే తేలారు.

1900 జనవరి 30న కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సభకు నడిచి వెళ్తున్న గోబెల్ మీద ఎవరో తుపాకీ పేల్చారు. టేలర్ సైన్యాన్ని పిలిచి, శాసనసభను రిపబ్లికన్లకు పట్టున్న లండన్ అనే ఊళ్ళో సమావేశం కమ్మన్నాడు. డెమొక్రాట్ సభ్యులు మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే కలుసుకుని, వివాదంలో ఉన్న ఓట్లు కొట్టేసి, గోబెల్ గెలిచినట్టు తీర్మానించారు. మంచం మీదే ఆయన చేత ప్రమాణం చేయించారు. ఫిబ్రవరి 3న ఆయన చనిపోయాడు. లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రకటితుడైన బెకమ్ ఆ స్థానంలోకి వచ్చాడు. కొన్ని నెలలపాటు రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లు!

చివరికి వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1900 మే 21న కోర్టు ఇది తాము కలగజేసుకోదగ్గ విషయం కాదంది. ప్రభుత్వ పదవి ఆస్తి కాదు కనుక, ఆస్తిని అన్యాయంగా లాక్కున్నారనే రాజ్యాంగ రక్షణ దీనికి వర్తించదని ఆధిక్య తీర్పు. కెంటకీకే చెందిన జస్టిస్ హార్లన్ ఒప్పుకోలేదు. గోబెల్ హత్య కేసులో నిందితుడైన టేలర్ ఇండియానాకు వెళ్ళిపోయాడు, అక్కడి గవర్నర్ ఆయన్ను అప్పగించలేదు. అదే ఏడాది నవంబర్‌లో మిగిలిన కాలానికి జరిగిన ప్రత్యేక ఎన్నికలో బెకమ్ నాలుగు వేల లోపు తేడాతో గెలిచాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన అమెరికా రాష్ట్ర గవర్నర్ ఇప్పటికీ గోబెల్ ఒక్కడే. కాల్చిందెవరో తిరుగులేకుండా తేలలేదు.

ప్రశ్న: ఆ రోజుల్లో ఓటరు పోలింగ్ కేంద్రంలో ఏం చేసేవాడు? రహస్య ఓటింగ్ ఉండేదా?

జవాబు: 1888కి ముందు అయితే లేదనే చెప్పాలి. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చేసి పంచేవి. ఓటరు తనకు ఇచ్చిన చీటీని తీసుకెళ్ళి పెట్టెలో వేసేవాడు. ఏ పార్టీ చీటీ రంగు, సైజు దానిది. కాబట్టి చేతిలో చూడగానే ఎవరికి వేస్తున్నాడో యజమానికీ, ఓటు కొన్నవాడికీ తెలిసిపోయేది. పేరు మార్చాలంటే జిగురు కాగితం ముక్క అంటించుకోవాలి.

ప్రభుత్వమే బ్యాలెట్ అచ్చేసి ఇచ్చే ఆస్ట్రేలియా పద్ధతి వచ్చాక ఇది మారింది. 1888లో లూయివిల్ నగరం, అదే ఏడాది రాష్ట్రమంతటికీ చట్టం చేసిన మసాచుసెట్స్ దీనికి ముందు నిలిచాయి. 1896 నాటికి చాలా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. వరస ఇలా ఉండేది: ఓటరు పేరు చెబుతాడు, సిబ్బంది జాబితాలో చూసి ప్రభుత్వం అచ్చేసిన బ్యాలెట్ ఇస్తారు, అతను చాటు ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళి గుణకారం గుర్తు పెడతాడు, గుర్తు లోపలికి పోయేలా మడిచి తెచ్చి పెట్టెలో వేస్తాడు.

బ్యాలెట్ రెండు రకాలు. మసాచుసెట్స్‌లో పదవి వారీగా పేర్లుండేవి, ప్రతి పదవికీ విడిగా గుర్తు పెట్టాలి. 1889లో ఇండియానా మొదలెట్టిన పద్ధతిలో ఒక్కో పార్టీకి ఒక్కో నిలువు వరస. న్యూయార్క్ వంటి చోట్ల ఆ వరస పైన ఒక వృత్తం ఉండేది. అందులో ఒక్క గుర్తు పెడితే గవర్నర్ నుంచి చిన్న పదవుల దాకా ఓటంతా ఆ పార్టీకే. పార్టీ నాయకులకు ఇదంటే ప్రాణం. పార్టీ వరసలోంచి ఒక్కరిని మార్చాలంటే ఓటరు నియమాలు సరిగా తెలుసుకుని ఉండాలి. తప్పుచోట ఒక్క గీత పడినా ఆ పదవికి ఓటు చెల్లదు. ఓటరు తన పేరు రాసినా, ఏదైనా చెరిపినా, ఓటరును గుర్తుపట్టేలా చుక్క పెట్టినా మొత్తం బ్యాలెట్ తీసి పక్కన పడేసేవారు. కొన్న ఓటు నిజంగా పడిందా అని చూసుకునేందుకు ఆ చుక్కలే ఆనవాళ్ళు మరి.

దీనికీ మోసగాళ్ళు దారి కనిపెట్టారు. మొదటివాడు ఖాళీ బ్యాలెట్‌ను జేబులో పెట్టుకుని బయటికి తెస్తాడు. దళారీ దానిమీద గుర్తు పెట్టి రెండోవాడికిస్తాడు. రెండోవాడు అది పెట్టెలో వేసి, తనకిచ్చిన ఖాళీది తెచ్చి దళారీకి ఇస్తాడు. ఇలా సాయంత్రం దాకా గొలుసులా సాగుతుంది. దీన్ని ఆపడానికే బ్యాలెట్‌కు అంకె వేసిన తోక కాగితం పెట్టారు. ఇచ్చిన అంకే తిరిగి వచ్చిందని చూసుకుని, తోక చించి, అప్పుడు పెట్టెలో వేయనిస్తారు. ఆ తోక లేని చోట, సరిచూడని చోట ఆట మళ్ళీ మొదలు. 1892లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో మీటలు నొక్కే ఓటింగ్ యంత్రాన్ని మొదటిసారి వాడారు.

ప్రశ్న: అన్ని రాష్ట్రాల్లో ఒకేరోజు ఎన్నిక జరిగేదా?

జవాబు: లేదు. ఎక్కువ రాష్ట్రాలకు నవంబరే గానీ మేన్, వెర్మాంట్, ఆర్కన్సాలకు సెప్టెంబర్, ఆరిగన్‌కు జూన్, జార్జియాకు అక్టోబర్, లూజియానాకు ఏప్రిల్. పదవీకాలాలూ అంతే: మసాచుసెట్స్‌లో ఏడాది, న్యూయార్క్‌లో రెండేళ్ళు, న్యూజెర్సీలో మూడు, పెన్సిల్వేనియాలో నాలుగు. 1900లో రాష్ట్రాలు 45. అరిజోనా, న్యూమెక్సికో అప్పటికి టెరిటరీలే (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతాలు) కాబట్టి వాటి గవర్నర్లను అధ్యక్షుడు నియమించేవాడు. ఓటు ప్రసక్తే లేదు.

ప్రశ్న: అభ్యర్థిని ఎవరు నిర్ణయించేవారు? థియొడోర్ రూజ్‌వెల్ట్ యుద్ధవీరుడు కదా, 1898లో అంత తక్కువ తేడాతో ఎందుకు గెలిచాడు?

జవాబు: నిర్ణయించేది పార్టీ మహాసభ, దాన్ని నడిపేది పార్టీ పెద్ద. వార్డు సమావేశం ప్రతినిధులను ఎన్నుకుంటుంది, వాళ్ళు పై సభకు, అక్కణ్ణుంచి రాష్ట్ర సభకు వెళ్తారు. వార్డు సమావేశానికి ఎవరొస్తారో చూసుకున్నవాడికి మిగతాదంతా చేతిలో పనే.

న్యూయార్క్‌లో రిపబ్లికన్ల పెద్ద థామస్ ప్లాట్‌కు రూజ్‌వెల్ట్ అంటే నమ్మకం లేదు. కానీ గవర్నర్ ఫ్రాంక్ బ్లాక్ ఉన్నప్పుడే ఈరీ కాలువ పనుల కుంభకోణం బయటపడింది. 1895లో ఓటర్లు ఆమోదించిన 90 లక్షల డాలర్లలో కొంత దుర్వినియోగమైంది. బ్లాక్‌తో వెళ్తే ఓటమే కనుక, క్యూబా యుద్ధం నుంచి వచ్చిన రూజ్‌వెల్ట్‌ను తీసుకోక తప్పలేదు. ఇంతలో ఒక చిక్కు. గవర్నర్ కావాలంటే అయిదేళ్ళు రాష్ట్ర నివాసి అయ్యుండాలి. ఈయనేమో పన్ను తప్పించుకోవడానికి తాను వాషింగ్టన్ నివాసినని ప్రమాణపత్రం ఇచ్చి ఉన్నాడు. సారటోగా సభలో న్యాయవాది ఎలిహు రూట్ చేసిన వాదనతో గట్టెక్కాడు.

గెలుపు తేడా 17,794 ఓట్లు. కుంభకోణం మచ్చ పార్టీ మీద ఉండటం, ప్రత్యర్థి అగస్టస్ వాన్ వైక్ మీద వేలెత్తి చూపేందుకు ఏమీ లేకపోవడం దానికి కారణాలు. అందుకే రూజ్‌వెల్ట్ ఆయన్ను వదిలి, వెనకున్న టామనీ హాల్ (న్యూయార్క్ నగర డెమొక్రాట్ల సంస్థ) పెద్ద రిచర్డ్ క్రోకర్ మీద పడ్డాడు. తన మాట వినలేదని ఒక జడ్జికి క్రోకర్ మళ్ళీ టికెట్ ఇవ్వకపోవడాన్ని ఊరూరా చెప్పాడు. మా దృష్టిలో గెలిపించింది యుద్ధకీర్తి ఒక్కటే కాదు, ఈ ఎత్తుగడ కూడా.

మహాసభల పద్ధతిని పడగొట్టినవారిలో విస్కాన్సిన్ వాడు రాబర్ట్ లఫోలెట్ ముఖ్యుడు. 1896లో, 1898లో ప్రతినిధులు చేజారడంతో నామినేషన్ పోగొట్టుకుని, 1900లో గవర్నరయ్యాడు. అభ్యర్థిని పార్టీ ఓటర్లే నేరుగా ఎన్నుకునే ప్రైమరీ చట్టం 1903లో సభ దాటి, 1904 నవంబర్‌లో ప్రజల ఓటుతో ఖాయమైంది. 1906లో మొదటిసారి వాడినప్పుడు లఫోలెట్ నిలబెట్టిన లెన్‌రూట్ ఓడిపోయి డేవిడ్‌సన్ గెలిచాడు. చట్టం తెచ్చినవాడి మనిషినే ఓడించిందంటే, ఆ చట్టం పనిచేసినట్టే.

ప్రశ్న: దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారికి రాజ్యాంగమే ఓటు హక్కు ఇచ్చింది కదా. ఎలా తీసేశారు?

జవాబు: జాతి అన్న మాట ఎక్కడా రాయకుండా. ఒక్కో పొర విడిగా చూస్తే మామూలు నియమంలా ఉంటుంది, అన్నీ కలిస్తే తలుపు మూసుకుపోతుంది. మొదటిది తల పన్ను. వర్జీనియా 1902 రాజ్యాంగంలో ఏడాదికి డాలరున్నర, గడిచిన మూడేళ్ళదీ ఎన్నికకు ఆరు నెలల ముందే కట్టాలి. అలబామా 1901 రాజ్యాంగంలో బకాయి పేరుకుపోతూ 36 డాలర్ల దాకా వెళ్ళేది. కూలివాడికి అది తీరే అప్పు కాదు. రెండోది చదువు పరీక్ష. రాజ్యాంగంలో ఏ వాక్యం ఇవ్వాలో, చదివింది చాలో లేదో నమోదు అధికారి ఇష్టం. చదువురాని తెల్లవాళ్ళు దీనికి చిక్కకుండా మూడోది, తాత నిబంధన: 1867 జనవరి 1న ఓటున్నవాడికీ, అతని కొడుకులూ మనవళ్ళకూ పరీక్ష అక్కర్లేదు. ఆ తేదీ నాటికి దక్షిణాన నల్లవాళ్ళకు ఓటు లేదు, కిటుకంతా అందులోనే ఉంది.

లూజియానాలో నమోదైన నల్లజాతి ఓటర్లు 1896లో 1,30,334 మంది. తాత నిబంధన వచ్చాక 1900లో 5,320, 1904లో 1,342. నార్త్ కరోలినాలో 1900 ఆగస్టు 2న ఇలాంటి సవరణనూ, చార్లెస్ ఐకాక్‌ను గవర్నర్‌గానూ ఒకేరోజు ఎన్నికలో గెలిపించుకున్నారు. అంతకు నాలుగేళ్ళ ముందే అక్కడ పాపులిస్టులతో (రైతుల మద్దతున్న మూడో పార్టీ) కలిసి రిపబ్లికన్ డేనియల్ రసెల్ గవర్నరయ్యాడు. ఆ కూటమి మళ్ళీ లేవకూడదనే ఇదంతా. సుప్రీంకోర్టు తాత నిబంధనను కొట్టేసింది 1915లో.

తర్వాత నవంబర్ ఎన్నిక తంతుగా మిగిలింది. డెమొక్రాట్ల ప్రైమరీయే అసలు పోటీ, అందులో నల్లజాతివారికి చోటు లేదు. మిసిసిపీలో 1903లో అలాంటి ప్రైమరీలో గెలిచే జేమ్స్ వార్డమన్ గవర్నరయ్యాడు. ప్రైమరీ అనే ఒకే పనిముట్టు విస్కాన్సిన్‌లో పార్టీ పెద్దల నుంచి ఓటరుకు అధికారం ఇచ్చింది, మిసిసిపీలో నల్లజాతి ఓటరును ఇంకాస్త దూరంగా నెట్టింది. ఈ రెండూ కలిపి చెప్పకుండా ఆ కాలాన్ని సంస్కరణల యుగం అనడం మాకు సమ్మతం కాదు.

ప్రశ్న: స్త్రీలు గవర్నర్‌కు ఓటు వేసేవారా?

జవాబు: 1900 నాటికి నాలుగు రాష్ట్రాల్లో: వయోమింగ్, కొలరాడో, యూటా, ఐడహో.

ప్రశ్న: కొలరాడోలో ఒకేరోజు ముగ్గురు గవర్నర్లన్న మాట నిజమేనా?

జవాబు: నిజం. 1905 మార్చి 17. క్రిపుల్ క్రీక్ గని కార్మికుల సమ్మె మీదికి సైన్యాన్ని పంపిన రిపబ్లికన్ గవర్నర్ జేమ్స్ పీబడీ 1904 నవంబర్‌లో డెమొక్రాట్ ఆల్వా ఆడమ్స్ చేతిలో ఓడాడు. డెన్వర్‌లో డెమొక్రాట్లు దొంగ ఓట్లు గుద్దించారని, గని కౌంటీల్లో రిపబ్లికన్లూ తక్కువ తినలేదని రెండువైపుల నుంచీ ఆరోపణలు. ఆడమ్స్ జనవరిలో పదవిలోకి వచ్చాడు, వివాదం రిపబ్లికన్లు ఎక్కువున్న శాసనసభకు వెళ్ళింది. పీబడీని మళ్ళీ నెత్తిన పెట్టుకోవడం వాళ్ళలోనూ కొందరికి ఇష్టం లేదు. చివరికి రాజీపడ్డారు: పీబడీ ముందే రాజీనామా రాసివ్వాలి, ఆ షరతు మీదే ఆయన్ను గెలిచినట్టు ప్రకటిస్తారు. ఆడమ్స్ దిగాడు, పీబడీ ఎక్కి దిగాడు, లెఫ్టినెంట్ గవర్నర్ జెస్సీ మెక్‌డొనాల్డ్ ఎక్కాడు. ఓటర్లు గవర్నర్ పదవికి ఎన్నుకోని మనిషే మిగతా కాలం పాలించాడు.

ప్రశ్న: పాత ఫలితాల పట్టికలు చూస్తుంటే లెక్కలు ఒకదానికొకటి కలవడం లేదు. ఎలా చదవాలి?

జవాబు: ముందు ఆ పట్టిక ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఎన్నిక మర్నాటి పత్రికల అంకెలు తంతి వార్తల మీద వేసినవి. రాష్ట్ర అధికారులు కూడి ప్రకటించిన లెక్కే ఆధారం. తర్వాత ఒకే అభ్యర్థి పేరు రెండు పార్టీల కింద ఉందేమో చూడండి. 1898లో మిన్నెసోటాలో జాన్ లిండ్ డెమొక్రాట్లు, పాపులిస్టుల ఉమ్మడి అభ్యర్థిగా గెలిచాడు. అలాంటిచోట ఒక్క పార్టీ అంకె చూసి ఓడాడనుకుంటే పొరపాటు. 1901లో ఆ రాష్ట్రం ఉమ్మడి అభ్యర్థిత్వాన్ని నిషేధించింది, కాబట్టి ఆ తర్వాత ఓట్లు హఠాత్తుగా తగ్గితే అది జనం మనసు మారడం కాకపోవచ్చు.

సగానికి పైగా ఓట్లు రావాలనే నియమం ఉందో లేదో కూడా చూడండి. వెర్మాంట్‌లో 1902లో మద్యం అమ్మకాల వివాదం వల్ల ఓట్లు చీలి ఎవరికీ సగం దాటలేదు, మెకల్లాను శాసనసభ ఎన్నుకుంది. కనెటికట్‌లో 1890 ఎన్నిక ఇదే నియమం దగ్గర తెగక, పాత గవర్నర్ బల్క్‌లీ ఇంకో రెండేళ్ళు కుర్చీలోనే ఉన్నాడు. తాళం వేసిన తన కార్యాలయం తలుపును ఆయన గునపంతో తెరిపించుకోవాల్సి వచ్చింది. మొత్తం పడిన బ్యాలెట్లకూ, గవర్నర్‌కు పడిన ఓట్లకూ మధ్య తేడా ఉంటే అది ఖాళీగా వదిలినవీ, చెల్లనివీ. వృత్తం ఉన్న బ్యాలెట్‌నూ పదవి వారీ బ్యాలెట్‌నూ పోల్చేటప్పుడు ఆ తేడానే ముందుగా లెక్కగట్టి చూడండి.