సెస్నా నడిపినవాళ్లు ఎయిర్‌బస్ నడపగలరా?

సెస్నా లాంటి చిన్న విమానం నడపడం వస్తే ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద ప్రయాణికుల జెట్ కూడా నడిపేయొచ్చా అని అడిగారు. నేరుగా కూర్చోబెడితే కష్టమే. గాలిలో ఎగిరే సూత్రం ఒకటే కానీ, సెస్నా 172 గరిష్ఠ బరువు సుమారు 1,100 కిలోలు, ఏ320ది దాదాపు 78 టన్నులు. అంత బరువు చెప్పగానే నెమ్మదించదు, అందుకే దిగే లెక్క సుమారు 200 కిలోమీటర్ల ముందే మొదలవుతుంది. పైగా, తగ్గించి ఉంచిన జెట్ ఇంజన్ పూర్తి శక్తి అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

నా దృష్టిలో అసలు తేడా పక్క సీటు. సెస్నాను ఒక్కరే నడపొచ్చు. ఏ320లో ఒకరు నడుపుతుంటే రెండోవారు పరికరాలు గమనిస్తూ, రేడియోలో మాట్లాడుతూ ఉంటారు. తప్పు కనిపిస్తే, ఎదుటివారు కెప్టెనైనా సరే, వెంటనే చెప్పాలి. కమర్షియల్ లైసెన్సు ఉన్నా ఏ320కి విడిగా టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు ప్రత్యేక అర్హత) తీసుకోవాలి. ఆ శిక్షణ ఎక్కువగా సిమ్యులేటర్‌లోనే జరుగుతుంది.