కేబుల్ తీయించే ముందు అత్తగారి సీరియల్స్ ఏ చానెల్‌లో వస్తాయో చూడండి

మీరు అడిగింది ఇదీ: నరసన్నపేట దగ్గర ఊరు, ఇంట్లో రెండు టీవీలు, కేబుల్‌కు నెలకు 380 రూపాయలు. అత్తగారికి సీరియల్స్, మామగారికి వార్తలు, మీ వారికి క్రికెట్, పిల్లలకు కార్టూన్లు. కేబుల్ తీయించేస్తే దాని బదులు ఏం పెట్టుకోవాలి, నిజంగా డబ్బులు మిగులుతాయా అని.

మిగులుతాయండీ. నేను రెండిళ్లలో చేసి చూశాను. ఒకచోట కుదిరింది, రెండోచోట బొక్కబోర్లా పడ్డాను. రెండూ చెప్తాను, మీ ఇల్లు దేనికి దగ్గరగా ఉందో మీరే చూసుకోండి.

మొదటిది శ్రీకాకుళం టౌన్‌లో మేముండే అద్దిల్లు. నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే అమ్మాయి. కేబుల్‌కు 350 కట్టేవాళ్లం. అమ్మాయి చదువు కోసం ఫైబర్ నెట్ ఎలాగూ పెట్టించాం. దానికి 399 అని చెప్తారు గానీ 18 శాతం జీఎస్టీ కలిస్తే 471 అవుతుంది. అంటే నెలకు ఎనిమిది వందల పైమాటే. ఒకరోజు ఈ లెక్క చూసుకుని గుండె చివుక్కుమని, పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే వారం పాటు ఎవరు ఏ చానెల్ చూశారో రాయడం మొదలుపెట్టాను. మా ఆవిడ నవ్వింది. కానీ వారం తిరిగేసరికి తేలిందేమిటంటే, రెండొందల పైచిలుకు చానెళ్లలో మేం చూసినవి ఐదు. అందులో మూడు వార్తలవి. అమ్మాయి అసలు టీవీ వైపు తల తిప్పలేదు, దాని లోకమంతా ఫోన్‌లోనే.

వార్తల చానెళ్లకు డబ్బు కట్టక్కర్లేదన్న సంగతి చాలామందికి తెలిసీ పట్టించుకోరు. టీవీ9, ఎన్టీవీ, టీవీ5, ఏబీఎన్, సాక్షి అన్నీ యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. తిరుమల ఎస్వీబీసీ కూడా వస్తుంది. స్మార్ట్ టీవీ ఉండి, నెట్ ఉంటే చాలు. అవి తీసేస్తే మాకు మిగిలింది మా ఆవిడ చూసే రెండు సీరియల్స్. అదృష్టం కొద్దీ రెండూ ఒకే చానెల్‌వి. ఆ చానెల్ యాప్ ఒక్కటి తీసుకుంటే సరిపోయింది. నేను తీసుకున్నప్పుడు మూడు నెలలకు 299, అంటే నెలకు వంద. 350 పోయి 100 వచ్చింది.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ముందు తక్కువకు వస్తోంది కదా అని 149 పెట్టి మొబైల్ ప్లాన్ కట్టాను. అది ఫోన్‌లో తప్ప టీవీలో రాదు. పేరులోనే మొబైల్ అని ఉంది, చదివితే కదా! మళ్లీ 299 కట్టాను. అక్కడితో ఆగానా, ఆఫర్లు చూసి ఇంకో రెండు యాప్‌లు కూడా వేయించాను, వాటిలో ఒకదానికి ఆటోపే పెట్టి మర్చిపోయాను. మూడు నెలలు ఎవరూ తెరిచి చూడని యాప్‌కు డబ్బులు కట్ అవుతూనే ఉన్నాయి. ఆ ఒక్క త్రైమాసికంలో కేబుల్ కంటే ఎక్కువే ఖర్చయింది. మీరు ఏ యాప్ తీసుకున్నా, తీసుకున్న రోజే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి దాన్ని ఆపేయండి. గడువు అయ్యేదాకా యాప్ పనిచేస్తూనే ఉంటుంది, కావాలనుకుంటే మళ్లీ కట్టుకోవచ్చు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, కేబుల్‌లో తెలుగు చానెళ్లన్నీ ఒకే రిమోట్ మీద పక్కపక్కన ఉంటాయి. యాప్‌ల్లో అలా కాదు, ఎవరి కొట్టు వాళ్లదే. స్టార్ మా అయితే జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగు అయితే జీ5లో, జెమినీ అయితే సన్ నెక్స్ట్‌లో, ఈటీవీ అయితే ఈటీవీ విన్‌లో. ఇంట్లో అత్తగారు ఒక చానెల్, కోడలు ఇంకో చానెల్ చూసేవాళ్లయితే రెండు కొట్లలో ఖాతా పెట్టాలి. నాలుగూ కావాలంటే కేబుల్ తీయించడమే దండగ.

ఇక రెండోది, బొక్కబోర్లా పడ్డది. మా అమ్మానాన్నలు పలాస అవతల ఉద్దానంలో ఉంటారు. 2018 అక్టోబర్ 11న వచ్చిన తిత్లీ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. మా ఊళ్లో కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ పడిపోయాయి, వాటికి కట్టిన కేబుల్ వైరు రోడ్డు మీద కుప్పలుగా పడి ఉంది. కరెంటు రావడానికే రోజులు పట్టింది, కేబుల్ ఆ తర్వాతెప్పుడో వచ్చింది. వచ్చిన వెంటనే ఆపరేటర్ తరఫు మనిషి బొమ్మ రాని రోజులకూ డబ్బులడిగాడు. కట్టాం గానీ, మా నాన్నకు ఆ కోపం ఏళ్లు గడిచినా పోలేదు. అందుకే ఫ్రీ డిష్ పెట్టిద్దామని నేననగానే అందరికంటే ముందు సరేనన్నది ఆయనే.

డీడీ ఫ్రీ డిష్ అంటే దూరదర్శన్ నడిపే ప్రసార భారతి వాళ్లది. 2004 డిసెంబర్‌లో మొదలైంది, అప్పట్లో డీడీ డైరెక్ట్ ప్లస్ అనేవారు. నెలనెలా కట్టేదేమీ లేదు, రీఛార్జ్ అన్న మాటే లేదు. డిష్, బాక్సు, వైరు, బిగింపు కూలీ కలిపి నాకు 1,800 దాకా అయింది. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 అని ఉన్నదే అడగండి, పాత రకం అంటగడితే కొన్ని చానెళ్లు రావు. బాక్సు వెనక ఎరుపు, పసుపు, తెలుపు వైర్లు పెట్టే చోటు ఉంటే పాత డబ్బా టీవీకి కూడా పనికొస్తుంది. ఒక బాక్సు ఒక్క టీవీకే అని గుర్తుంచుకోండి.

కాశీబుగ్గ నుంచి ఒక కుర్రాడు వచ్చి డాబా మీద బిగించాడు. అది జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల తూర్పు నుంచి వస్తుంది. మన జిల్లాలో డిష్ మొహం దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య పెట్టాలి. సిగ్నల్ బాగా ఎత్తు నుంచి దిగుతుంది కాబట్టి పక్కింటి మేడ అంతగా అడ్డం రాదు. నెత్తి మీదకు వంగిన కొబ్బరి మట్ట మాత్రం అడ్డమే. మా వాళ్లకు రెండు మట్టలు కొట్టించాల్సి వచ్చింది. సముద్రం దగ్గరవాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి బోల్టులు, వైరు చివర తిప్పి బిగించే కనెక్టరు తుప్పు పడతాయి. ఏడాది తిరక్కుండానే మా వాళ్లకు బొమ్మ గళ్లుగళ్లుగా రావడం మొదలైంది. డిష్ కదిలిందనుకున్నాం. తీరా చూస్తే కనెక్టరు లోపలి రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. చివర అంగుళం కత్తిరించి, కొత్త కనెక్టరు పెట్టి, మీద నల్ల టేపు బిగించి చుడితే మళ్లీ అద్దంలా వచ్చింది. పాతిక రూపాయల పని. జోరు వానలో మాత్రం ఏం చేసినా సిగ్నల్ పోతుంది, వాన తగ్గాక అదే వస్తుంది.

నాన్న సంతోషం అంతా ఇంతా కాదు. డీడీ సప్తగిరి పెట్టుకుని పొలం కబుర్లు చూస్తూ, నెలకు 330 మిగిలింది కదా అని వీధిలో అందరికీ చెప్పాడు. అమ్మ మాత్రం మొదటి రోజు సాయంత్రం ఏడింటికి రిమోట్ పట్టుకుని కిందా మీదా చానెళ్లు తిప్పి, ఆవిడ చానెల్ అందులో లేదని తెలుసుకుంది. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానెళ్లు వేలంలో స్లాటు కొనుక్కుని వస్తాయి, జాబితా మారుతూ ఉంటుంది. కాబట్టి కొనేముందు మీకు కావలసినవి ఇప్పుడు ఉన్నాయో లేదో ఆ డిష్ ఇప్పటికే పెట్టుకున్న వాళ్లింట్లో కూర్చుని చూడండి. నేనా పని చేయలేదు.

సరే, నా పాత ఫోన్ ఒకటి వాళ్లింట్లో పెట్టి, హాట్‌స్పాట్ పెట్టి, టీవీలో యాప్‌లు నడిపే స్టిక్ కొని తగిలించాను. మన పల్లెల్లో ఆ వేళకు సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైగా రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాను. హెచ్‌డీలో పెడితే గంటకు ఒక జీబీ పైనే తాగేస్తుంది. రెండో సీరియల్‌లో ఎవరో ఎవరినో నిలదీసే సమయానికి తెర మీద గుండ్రంగా తిరగడం మొదలు. అమ్మ నాకు ఫోన్ చేసి, "ఏట్రా బావు ఇది, ఎంత నొక్కినా సక్రం తిరుగుతంది గానీ బొమ్మ రాదేటి?" అంది. క్వాలిటీ తగ్గించుకోమని ఫోన్‌లో చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో సీరియల్ అయిపోయింది.

నాలుగో రోజు నుంచి అమ్మ ఏడు కాగానే ఎదురింటి పిన్నిగారింటికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకు వచ్చేది. నాలుగు నెలలు ఓపిక పట్టి మా నాన్న నాతో ఒకే మాటన్నాడు: "మూడొందలు మిగిల్నాయి గానీ, రేతిరి కూడెట్టేవోలు లేరురా."

మళ్లీ కేబుల్ పెట్టించాను. కానీ ఈసారి పాత ప్యాక్ కాదు. మీరు ముఖ్యంగా చదవాల్సింది ఇదే. 2019లో ట్రాయ్ (టెలికాం, టీవీ కనెక్షన్లను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) తెచ్చిన పద్ధతి ప్రకారం మనకు కావలసిన చానెళ్లే విడివిడిగా ఎంచుకోవచ్చు. కనెక్షన్ ఖర్చు అప్పట్లో 130, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. దాంట్లో మొదట వంద చానెళ్ల దాకా వచ్చేవి, ఆ సంఖ్యను తర్వాత 200కు పెంచారు. ఆ పైన కట్టే చానెళ్లు ఏవి కావాలంటే అవి. పెద్ద తెలుగు వినోద చానెళ్లు అప్పట్లో నెలకు 19 రూపాయలు, ఆ చుట్టుపక్కల ఉండేవి. రెండు చానెళ్లు తీసుకుంటే 38, జీఎస్టీతో 45. మొత్తం 198. అమ్మకు కావలసినవి రెండే. 330 కాస్తా 198 అయింది. 2024లో ఆ 130 పరిమితి ఎత్తేశారు కాబట్టి మీ ఆపరేటర్ దగ్గర అంకె కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, చానెల్ ధరలూ అడిగి చూసుకోండి.

విడి చానెళ్లు ఇవ్వడం కుదరదని ముందు మా ఆపరేటర్ మనిషి కూడా అన్నాడు. "అందరూ ప్యాకే తీసుకుంటారండీ, సిస్టమ్‌లో అదే ఉంటది" అని. నేను గొడవ పెట్టుకోలేదు. చానెళ్ల పేర్లు కాగితం మీద రాసిచ్చి, ఇవి కాక ఇంకేమీ వద్దు, కుదరకపోతే బాక్సు తీసుకుపోండి అన్నాను. మర్నాడు సిస్టమ్‌లో వచ్చేసింది. మీరు రెండు టీవీలకు రెండు పూర్తి ప్యాక్‌లు కడుతున్నారేమో కూడా చూసుకోండి. 2020 సవరణలో ఒకే ఇంట్లో రెండో టీవీకి కనెక్షన్ ఖర్చు మొదటి దాంట్లో 40 శాతం మించకూడదని పెట్టారు, ఇప్పుడెంతో మీ ఆపరేటర్‌ను అడిగి చూసుకోండి. రెండో టీవీలో మొదటి దాంట్లోని చానెళ్లే ఉండాలని కూడా లేదు.

ఫ్రీ డిష్ అలాగే ఉంచాం, తీయలేదు. కేబుల్ పోయినప్పుడు అదే దిక్కు. క్రికెట్‌కు కూడా. 2007 చట్టం ప్రకారం భారత జట్టు ఆడే ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ ప్రైవేటు వాళ్లు ప్రసార భారతికి ఇవ్వాలి. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ మ్యాచ్ దూరదర్శన్ సొంత ట్రాన్స్‌మీటర్ల మీద, ఫ్రీ డిష్ మీద మాత్రమే చూపాలి. అందుకే మ్యాచ్ రోజున డీడీ స్పోర్ట్స్ ఫ్రీ డిష్‌లో ఆట చూపిస్తుంటే, కేబుల్‌లో అదే చానెల్ ఇంకేదో చూపిస్తుంది. మీ వారు ఐపీఎల్ మనిషైతే మాత్రం ఇది పనికిరాదు, అది ఆ చట్టం కిందికి రాదు. ఆ రెండు నెలలకు యాప్ కట్టుకుని తర్వాత ఆపేయడమే నయం.

డాబా మీద పాత ఏంటెనా ఉంది, అది వాడుకోవచ్చా అని కూడా చివర్లో అడిగారు. లేదండీ. ఆ పాత పద్ధతి ట్రాన్స్‌మీటర్లను 2022 మార్చి నాటికి దాదాపు అన్నీ మూసేశారు. దాని పైపు మాత్రం పారేయకండి, డిష్ బిగించడానికి పనికొస్తుంది.

మీ ఇంటికి నా లెక్క ఇలా. పెద్దవాళ్ల గదిలో టీవీకి కేబుల్ ఉంచండి, కానీ అత్తగారి చానెళ్లు మాత్రమే విడిగా రాయించండి. వార్తల చానెళ్లలో చాలావరకు ఉచితంవే, మామగారికి ఏదైనా తగ్గితే అది కలుపుకోండి. రెండో టీవీకి కేబుల్ తీయించి ఫ్రీ డిష్ పెట్టండి. 380లో 198 పోతే నెలకు 182 మిగులుతాయి, డిష్ ఖర్చు పది నెలల్లో వచ్చేస్తుంది. పిల్లల కోసమే నెట్ కొత్తగా పెట్టించాలంటే మాత్రం 471 కొత్త బరువు, దాన్ని పొదుపు అనుకోకండి. నెట్ ఇప్పటికే ఉంటే కార్టూన్లకు యూట్యూబ్ చాలు, ఒకటి అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపేయండి. లేకపోతే అన్నం చల్లారిపోతుంది.

రెండో కనెక్షన్ తీయించేటప్పుడు పాత బాక్సు, రిమోట్, అడాప్టరు మూడూ కలిపి ఇచ్చి రసీదు రాయించుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అప్పుడే అడగండి. మేం అడాప్టరు ఇవ్వడం మరిచిపోయి దానికి 150 కట్టాం.

అత్తగారి సీరియల్స్ ఏ చానెల్‌వో, మీ ఇంట్లో నెట్ ఉందో లేదో చెప్పండి. అవి ఒకే చానెల్‌వైతే, నెట్ కూడా ఉంటే నా లెక్క మార్చి చెప్తాను.