మొలవని వేరుశనగ: నకిలీ విత్తనం అనే ముందు సాలు తవ్వి చూడండి

ప్రశ్న: ఐదెకరాల ఎర్రచల్కలో జులై మొదటి వారం వాన పడగానే వేరుశనగ వేశాను. కదిరి-6 రకం సర్టిఫైడ్ విత్తనమని కొట్టు యజమాని చెబితే 50 కిలోల సంచులు ఆరు కొన్నాను. మందు పట్టించిన విత్తనమే అన్నారు కాబట్టి మళ్లీ విత్తనశుద్ధి చేయలేదు. పన్నెండు రోజులైనా సగమే మొలిచింది, మొలిచిన వాటిలోనూ కొన్ని వాడి చచ్చిపోతున్నాయి. రెండు సంచులకు పచ్చ ట్యాగు ఉంది, నాలుగింటికి ఏమీ లేదు. బిల్లు అడిగితే తెల్లచీటీ మీద లెక్క రాసిచ్చారు. ఇప్పుడు అదే కొట్టువాళ్లు మూడు మందులు కలిపి కొట్టమంటున్నారు. ఇది నకిలీ విత్తనమే కదా? పరిహారం ఎవరిని అడగాలి? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా

జవాబు: వాడిన మొక్కలు నకిలీ విత్తనం వల్ల చావడం లేదు. మీ ఫొటోల్లో మొక్క మొదలు దగ్గర నల్లని పొడి స్పష్టంగా ఉంది. అది మొదలుకుళ్ళు తెగులు. దీన్ని తెచ్చే ఆస్పర్జిల్లస్ నైగర్ శిలీంధ్రం విత్తనం మీదా ఉంటుంది, నేలలోనూ ఉంటుంది. శుద్ధి చేయకుండా వేస్తే పట్టుకుంటుంది. మందు పట్టించిన గింజకు రంగు పూసి ఉంటుంది. సంచి మీద మందు పేరు, తిండికీ నూనెకూ వాడరాదన్న హెచ్చరిక అచ్చువేసి ఉండాలి. గింజ తన సహజమైన రంగులోనే ఉంటే కొట్టువాడి మాట నమ్మకుండా మీరే మందు పట్టించి ఉండాల్సింది.

ఇక మొలవని సగం సంగతి. పొలం నాలుగు మూలలా, నడిమధ్యా మీటరు పొడవున సాలు తవ్వండి. పారతో కాదు, చేత్తో మన్ను తీయండి. గింజ మెత్తబడి మసిలాంటి పొడి పట్టి ఉంటే అదీ తెగులే. వేసినప్పటిలాగే పొడిగా, గట్టిగా ఉంటే నేలలో పదును (తడి) చాలలేదు. మొలకెత్తి కూడా పైకి రాలేక వంకరపోయి ఉంటే గొర్రు లోతుగా దిగింది. 5 సెంటీమీటర్లు చాలు. పైపొర ఊడి, పప్పు రెండు బద్దలై, మొలక వచ్చే ముక్కు విరిగి ఉంటే మరలో ఒలిచేటప్పుడు దెబ్బతిన్న గింజ. అసలు గింజే దొరకకపోతే చీమలో పక్షులో తిన్నాయి, లేదా గొర్రులో గింజ సరిగా జారలేదు. నాని ఉబ్బి కూడా వేరు తొడగలేదు, మసి లేదు అంటే అప్పుడు విత్తనాన్ని అనుమానించండి, జీవం పోయిన పాత గింజ అయి ఉంటుంది. ఒక్కోచోట ఏ రకం గింజలు ఎన్నో రాసుకోండి. ట్యాగు ఉన్న సంచుల గింజ ఏ చెక్కలో పడిందో, లేని వాటిది ఏ చెక్కలో పడిందో గుర్తుంటే విడివిడిగా లెక్కపెట్టండి. రేపు మీ ఫిర్యాదు నిలబడేది ఈ లెక్క మీదే.

మూడు మందుల మిశ్రమం మానుకోండి. చచ్చిన మొక్క దేనికీ లేవదు, బతికిన దానికి టానిక్కు అవసరం లేదు. తెగులు గుంపులుగా ఉన్న చోట మాత్రమే లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఐదెకరాలకూ కొట్టడం డబ్బు దండగ.

30 x 10 సెంటీమీటర్ల దూరంలో చదరపు మీటరుకు 33 మొక్కలు రావాలి. 20కి పైగా ఉంటే పైరు ఉంచుకుని, పెద్ద ఖాళీల్లో కంది గింజలు వేసుకోండి. ఖాళీల్లో వేరుశనగే పెట్టడానికి విత్తిన పది రోజుల్లోపే అదను, అది దాటింది. 15 లోపు ఉంటే దున్ని మళ్లీ వేసుకోవడం మేలు. జులై ఆఖరు దాకా వేరుశనగకు సమయం ఉంది, తర్వాత కాదు. అయితే వ్యవసాయ అధికారి వచ్చి చూసి నివేదిక రాసేదాకా దున్నవద్దు. దున్నేస్తే సాక్ష్యం పోతుంది.

మళ్లీ వేస్తే కిలో విత్తనానికి 1 గ్రాము టెబుకొనజోల్ 2 డి.ఎస్. (విత్తనానికి పట్టించే పొడి శిలీంధ్రనాశిని) లేదా 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించండి. వేరుపురుగు ఉన్న నేలైతే ముందు కిలోకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. (విత్తనానికి పట్టించే ద్రవ పురుగుమందు) పట్టించి, నీడన ఆరాక పైన చెప్పిన శిలీంధ్రనాశిని పట్టించాలి. ఎకరాకు 60 కిలోల గింజకు అయ్యేది 60 గ్రాముల టెబుకొనజోల్. అంత చిన్న ఖర్చు దగ్గర ఆగిపోయి పంట పోగొట్టుకోవడం చూస్తుంటే బాధేస్తుంది.

ఇప్పుడు ట్యాగు సంగతి, అసలు చెప్పాల్సింది ఇదే. సర్టిఫైడ్ విత్తనానికి ధ్రువీకరణ సంస్థ నీలం ట్యాగు ఉంటుంది. పసుపు ట్యాగు బ్రీడర్ విత్తనానికి (మూల విత్తనం), తెలుపు దాని నుంచి పెంచే ఫౌండేషన్ విత్తనానికి. మీ రెండు సంచులకున్న పచ్చ ట్యాగు ఉత్పత్తిదారు తనంతట తాను రాసుకున్న హామీ, దాన్ని ట్రూత్‌ఫుల్ లేబుల్ అంటారు. అది చట్టవిరుద్ధం కాదు. మన దేశంలో ధ్రువీకరణ తప్పనిసరి కాదు. ప్రభుత్వం నోటిఫై చేసిన (అధికారికంగా ప్రకటించిన) రకానికి లేబుల్, కనీస మొలక శాతం మాత్రం 1966 విత్తన చట్టం ప్రకారం తప్పనిసరి. వేరుశనగకు మొలక 70 శాతం, భౌతిక స్వచ్ఛత 96 శాతం, తేమ 9 శాతానికి మించకూడదు. కానీ పచ్చ ట్యాగు చూపి సర్టిఫైడ్ అని అమ్మడం అబద్ధమాడడమే. ట్యాగు మీద లాట్ నంబరు (ఒకే రాశి నుంచి నింపిన సంచులకిచ్చే నంబరు), పరీక్ష తేదీ, గడువు చదవండి. ధ్రువీకరించిన విత్తనానికి పరీక్ష తేదీ నుంచి 9 నెలలే గడువు, మళ్లీ పరీక్షించి నెగ్గితే మరో 6 నెలలు. సంచి మూతి కుట్టు కూడా చూడండి. విప్పి మళ్లీ కుట్టిన సంచికి సూది రంధ్రాలు రెండు వరసల్లో కనిపిస్తాయి.

ట్యాగు లేని ఆ నాలుగు సంచుల్లో ఉన్నది విత్తనమని రుజువు చేయడానికి మీ దగ్గర ఏముంది? మిల్లుకు పోయే పప్పునే విత్తనం ధరకు కొన్నారేమో కూడా తెలియదు. పక్క ఊరి రైతు తన ఇంటి దగ్గర తన పంట గింజ అమ్మితే వేరు. దానికి విత్తన చట్టంలోనే మినహాయింపు ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా రైతు తన విత్తనం దాచుకోవడానికి, పంచుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి హక్కు ఇచ్చింది. కొట్టువాడికి ఆ వెసులుబాటు లేదు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అతనికి లైసెన్సు ఉండాలి, నిల్వలు, ధరల బోర్డు పెట్టాలి, కొన్న ప్రతి రైతుకూ బిల్లు ఇవ్వాలి. తెల్లచీటీ బిల్లు కాదు. బిల్లు ఇవ్వకపోవడమే ఒక ఉల్లంఘన, ఫిర్యాదులో మొదటి వాక్యంగా అదే రాయండి. అప్పు పెడతాడు కదా అని నోరు మూసుకోకండి. అప్పుకైనా క్రెడిట్ బిల్లు ఇవ్వాల్సిందే.

ఫిర్యాదు ఈరోజే రాయండి. మండల వ్యవసాయ అధికారే విత్తన ఇన్‌స్పెక్టరు. రైతు సేవా కేంద్రం ద్వారా ఇచ్చినా ఆయనకే ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఖాళీ సంచులు, ట్యాగులు, తెల్లచీటీ, డబ్బు ఫోన్లో చెల్లించి ఉంటే ఆ వివరం, తేదీ కనిపించే ఫొటోలు జతచేయండి. అదే లాట్ సంచులు కొట్టులో ఇంకా ఉండగానే ఇన్‌స్పెక్టరు నమూనా తీయాలి. ఒక భాగం అమ్మినవాడికి, ఒకటి ప్రయోగశాలకు, మూడోది తన దగ్గర ఉంచుకుంటారు. మీరు పది రోజులు ఆలోచిస్తే ఆ సంచులు కొట్టులో ఉండవు.

విత్తన చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకానే, అదీ మీకు రాదు. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. గడువు రెండేళ్లు, విత్తనానికి కట్టింది 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. నమూనా దాచుకోలేదే అని భయపడకండి. జాతీయ విత్తన సంస్థ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతు వినియోగదారుడేనని తేల్చింది. కొన్న విత్తనమంతా నేలలో వేసే రైతు పరీక్ష కోసం కొంత దాచిపెడతాడని ఆశించలేమని కూడా చెప్పింది. కర్నూలు జిల్లా ఫోరంలో (వినియోగదారుల కమిషన్‌కు అప్పటి పేరు) గెలిచిన రైతుల కేసులు కూడా అందులో ఉన్నాయి. అయితే మొదలుకుళ్ళుతో చచ్చిన మొక్కలను కూడా విత్తనం ఖాతాలో రాస్తే అవతలి లాయరు మొత్తం ఫిర్యాదునే కొట్టేయిస్తాడు. తవ్విన లెక్కలో విత్తన లోపంగా తేలినంత వరకే అడగండి.

వచ్చే ఏడు విత్తడానికి మూడు వారాల ముందే గింజ తెచ్చుకుని ప్రతి లాట్ నుంచి 100 గింజలు తీయండి. తడి గోనెసంచి మీద పదేసి చొప్పున పేర్చి, చుట్టి, నీడన ఉంచి రోజూ తడపండి. పదో రోజు వేరు, మొలక రెండూ నిటారుగా ఉన్నవే లెక్కపెట్టండి, వంకరవి, విరిగినవి వద్దు. 70 వస్తే ఎకరాకు 60 కిలోలు, 60 వస్తే 70 కిలోలు వేయాలి. అంతకంటే తగ్గితే బిల్లు, ట్యాగుతో సహా సంచి తిరిగి ఇచ్చేయండి.