బైనాక్యులర్ ఇంట్లో పెట్టండి, బాపమ్మను తీసుకెళ్లండి

"వరంగల్ దగ్గర పిల్లలతో నడుస్తూ పులిని చూసే అడవి ఉందా?" అని అడిగారు. పిల్లలను వెంటబెట్టుకొని పులికి ఎదురు నడవాలన్న ధైర్యానికి ముందుగా దండం. పులే కావాలంటే జన్నారం వైపు కవ్వాల్ ఉంది, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడైనా జీపులోంచి చూడాల్సిందే, కనబడుతుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

మా ఇంట్లో అడవి అంటే పాకాలే. నర్సంపేట మీదుగా 50 కిలోమీటర్ల దారి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అభయారణ్యం. ఆరుద్ర కార్తెలో ఒకసారి మా అమ్మను, ఏడేళ్ల మా పాపను తీసుకొని తెల్లవారేసరికి అక్కడికి చేరాం. నా మెడలో మూడు వేలు పోసి కొన్న బైనాక్యులర్. అమ్మ చేతిలో ఏమీ లేదు. పెళ్లికి ముందు వేసవుల్లో తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టిన మనిషి తను.

నేను చెరువులో మొసలి కోసం వెతుకుతుంటే అమ్మ నా చొక్కా పట్టి లాగింది. "పైన కొండముచ్చులు ఆకులు తెంపి పడేస్తున్నాయి. కింద చూడరా." చెట్టు కింద మూడు దుప్పులు, రాలిన ఆకులు తింటున్నాయి. పాప ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడే కట్ట మీదికి ఒక కారు వచ్చింది, తలుపులన్నీ తెరిచి పాటలు పెట్టారు. దుప్పులు మాయం. బిర్యానీ తినడానికి ఇంత దూరం ఎందుకు రావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పైగా తినగా మిగిలింది కోతులకు వేస్తారు. తర్వాత అవే కోతులు పిల్లల చేతుల్లోంచి సంచులు లాక్కుంటే అడవిని తిడతారు.

పాప ఏడుపు అందుకుంది. అమ్మ తడి నేల మీద గొంతుక్కూర్చొని, "ఇటు రా బిడ్డా" అని అరచేయి చాపింది. ఎర్రటి మఖమలు గుడ్డ నుంచి చిటికెడు కత్తిరించినట్టు ఒక ఆరుద్ర పురుగు. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుంది. కాసేపటికి ఒక్కో కాలూ బయటపెట్టి నడక మొదలుపెట్టింది. పాప లెక్కపెట్టింది: ఎనిమిది.

"పురుగుకు ఆరు కాళ్లే కదా బాపమ్మా, మా పుస్తకంలో ఉంది!"

"దీనికి మీ పుస్తకం ఎవరు చదివి వినిపించారే?"

పేరుకే పురుగు, నిజానికి సాలీడు చుట్టం అని నేను వివరించబోయాను. ఇద్దరూ వినలేదు. ఎక్కడ తీసిందో అక్కడే వదిలే వరకు అమ్మ కదలనివ్వలేదు.

అందుకే చెబుతున్నాను, తొలకరి పడ్డాక పొద్దున్నే వెళ్లండి. పది అడుగులు వేసి పది నిమిషాలు నిలబడండి. దుప్పుల సంగతి మా పాప బడిలో ఎవరికీ చెప్పలేదట. ఎనిమిది కాళ్ల విషయంలో మాత్రం టీచరుతో వాదన పెట్టుకొని వచ్చింది.