కీబోర్డు గాంధారం, తంబూరా గాంధారం: వినేవారికి ఏది నచ్చుతుంది?

"మా అమ్మాయి అనంతపురంలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఇంట్లో కీబోర్డు పెట్టుకుని సాధన చేస్తుంటే గురువుగారు వద్దన్నారు. దాని స్వరాలు సరైన శ్రుతిలో ఉండవన్నారు. మామూలుగా వినేవాళ్లకు ఆ తేడా నిజంగా తెలుస్తుందా? తెలిస్తే ఏది నచ్చుతుంది?" అని మీరు అడిగారు.

తెలుస్తుంది. అయితే స్వరం నిలవాలి. నిలిచిన స్వరం దగ్గర సంగీతం రానివాళ్లకు కూడా తెలుస్తుంది. పరుగెత్తే స్వరం దగ్గర విద్వాంసులకు కూడా తెలియకపోవచ్చు. ఇక నచ్చడం అంటారా, అది చెవికి ఉన్న అలవాటును బట్టి, పక్కన ఏ నాదం మోగుతోందన్న దాన్ని బట్టి మారిపోతుంది. నేను కడపలో ఇరవై ఏళ్లకు పైగా హార్మోనియంలు బాగుచేస్తున్నాను. ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. భజన మండళ్ల పెట్టెలు, నాటకాల పెట్టెలు, దర్గాలో కవాలీ పాడేవాళ్ల పెట్టెలు నా చేతుల్లోంచి వెళ్లాయి. అందుకే ఈ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

ముందు తేడా ఎంతో చూద్దాం. షడ్జమం, అంటే స, సెకనుకు 240 కంపనాలు అనుకోండి. తంబూరాతో కలిసిపోయే అంతర గాంధారం (పై గ) దానికి నాలుగింట ఐదు వంతులు, అంటే సరిగ్గా 300. కీబోర్డులో అదే గాంధారం 302.4 దగ్గర ఉంటుంది. కీబోర్డు ఒక స్థాయిని, అంటే ఒక షడ్జమం నుంచి పై షడ్జమం దాకా, పన్నెండు సమాన మెట్లుగా కోస్తుంది. ప్రతి మెట్టూ కింది మెట్టుకు 1.05946 రెట్లు. దీన్నే ఈక్వల్ టెంపరమెంట్ అంటారు. అలెగ్జాండర్ ఎల్లిస్ 19వ శతాబ్దిలో పెట్టిన సెంట్ల కొలతలో స్థాయి మొత్తం 1200, ఒక్కో మెట్టు 100. ఆ లెక్కన కీబోర్డు గాంధారం 400, తంబూరా గాంధారం 386. అంటే 14 సెంట్ల ఎచ్చు. పంచమం దగ్గర తేడా రెండు సెంట్లే. (శుద్ధ గాంధారం అనే పేరు మన సంగీతంలో వేరే స్వరానికి ఉంది కాబట్టి, గందరగోళం లేకుండా దీన్ని తంబూరా గాంధారం అనే అంటాను.)

తంబూరా గాంధారం అని ఊరికే అనడం లేదు. మంద్ర షడ్జమం తీగను మెల్లగా మీటి, జీవాళి (తీగ కింద సర్దే దారం) సరిగ్గా కుదిరాక చెవి ఒగ్గి వినండి. ఎవరూ మీటని గాంధారం ఒకటి పైన సన్నగా పలుకుతుంది. ఆ తీగ కంపనానికి ఐదు రెట్ల కంపనం అది. పెద్దలు దాన్ని స్వయంభువు అంటారు. నేను వయొలిన్ నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు మొదటి నెలంతా ఇంకేమీ చెప్పకుండా ఈ ఒక్కదాన్నే వినిపించారు. వినపడిందా అని రోజూ అడిగేవారు. వినపడిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, ఆ అరుపు కింద గాంధారం స్పష్టంగా ఉంది.

ఇప్పుడు తంబూరా మోగుతుండగా కీబోర్డు గాంధారం నొక్కి పట్టుకోండి. షడ్జమానికి ఐదో రెట్టు 1200. కీబోర్డు గాంధారానికి నాలుగో రెట్టు 1209కి పైన. ఆ రెండూ ఒకదానితో ఒకటి పడక సెకనుకు తొమ్మిది పదిసార్లు వణుకుతాయి. బడి పుస్తకాల్లో విస్పందనాలు అని చదువుకున్నాం కదా, అవే. పంచమం దగ్గర ఆ వణుకు సెకనుకు ఒక్కసారి కూడా రాదు. కీబోర్డు పంచమం బాగాలేదని ఎవరూ అనకపోవడానికి కారణం ఇదే. తగువంతా గాంధారం, ధైవతం, నిషాదాల దగ్గరే.

ఇక నా అనుభవం. ఒంటిమిట్ట వైపు ఒక పల్లెలో భజన మండలి ఉంది. వాళ్లు ఎప్పుడూ ఒకటి శ్రుతిలోనే, అంటే మొదటి తెల్లమెట్టునే షడ్జమం చేసుకుని పాడతారు, పెట్టెకు ఇంకో శ్రుతితో పనే లేదు. వాళ్ల పెద్దాయన పెట్టె తెచ్చి, "స్వరం పట్టుకుంటే రొద పెడుతోంది నాయనా, రీడు చెడిందేమో చూడు" అన్నాడు. రీడు అంటే గాలికి కంపించి స్వరం పలికే ఇత్తడి రేకు. అది చెడలేదు. సమానంగా కోసిన మెట్ల గాంధారం అలాగే ఉంటుంది. ఆయన చెవి గట్టిది. ఒకటి శ్రుతికి మాత్రమే సరిపోయేలా మారుస్తాను, ఒప్పుకుంటారా అని అడిగాను. సరేనన్నాడు.

ఇత్తడి రీడును కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో, రివెట్ దగ్గర గీకితే తగ్గుతుంది. గాంధారం తగ్గాలి కాబట్టి మొదట్లో గీకాలి. సన్న ఆకురాయితో రెండు గీతలు, తిత్తి వేసి వినడం, మళ్లీ ఒక గీత. పొరపాటున ఎక్కువ గీకితే ఇత్తడి తిరిగి రాదు, కొస దగ్గర గీకి సర్దుకోవాలి, దాంతో రీడు బలం తగ్గుతుంది. మూడు స్థాయిల గాంధారాలు, రెండు వరుసలు కలిపి ఆరు రీడ్లు. వణుకు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఒక చోట పూర్తిగా ఆగిపోతుంది. ఆ క్షణంలో పెట్టె గొంతు మారినట్టు ఉంటుంది, గదిలో ఏదో సద్దుమణిగినట్టు. గాంధారం అయ్యాక ధైవతాన్ని 16 సెంట్లు, నిషాదాన్ని 12 సెంట్లు దించాను, రిషభాన్ని నాలుగు ఎత్తాను, పంచమం చిన్న సర్దుబాటు.

ఆ శనివారం కోవెలలో భజనకు నేనూ వెళ్లాను. మెల్లగా సాగే పాటలో పెద్దాయన గాంధారం మీద నిలిచాడు. పాట అయ్యాక వెనక కూర్చున్న ఒకామె, "ఈరోజు పెట్టె వాయించలేదా?" అని అడిగింది. వాయించారు. గొంతులో కలిసిపోయి విడిగా వినపడలేదు. ఆమెకు సెంట్లు తెలియవు, అంతర గాంధారం అన్న పేరు కూడా తెలియదు. నా పనికి ఇంతకన్నా పెద్ద మెప్పు నాకు రాలేదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. శ్రీరామనవమికి వాళ్లు పక్క ఊరి నుంచి ఒక గాయకుణ్ని పిలిచారు. ఆయనది రెండు శ్రుతి. అదే పెట్టె మీద రెండో తెల్లమెట్టును షడ్జమం చేసుకుని మొదలుపెట్టాడు. పంచమానికి వచ్చేసరికి అందరూ పెట్టె వైపు చూశారు. నేను దించిన ధైవతం మెట్టే ఇప్పుడు ఆయనకు పంచమం అయింది. అది 702 సెంట్ల దగ్గర ఉండాల్సింది 680 దగ్గర ఉంది. 22 సెంట్ల లోటు, అదీ పంచమంలో. చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆయన రెండు పాటలు పాడి, పెట్టె ఆపించి తాళాలతోనే పాడాడు. మరుసటి రోజు పెట్టె తీసుకొచ్చి అన్ని రీడ్లూ మళ్లీ సమాన మెట్లకు మార్చాను. ఈ మాట ముందే ఆలోచించి మండలికి చెప్పవలసింది నేనే, చెప్పలేదు.

సమాన మెట్లు ఎందుకు నిలిచాయో నాకు ఆ రోజు ఒళ్లంతా తెలిసింది. ఒక శ్రుతిలో అన్నీ కుదిరితే ఇంకో శ్రుతిలో ఏదో ఒకటి విరుగుతుంది, ఇది లెక్కలోనే ఉన్న ఇబ్బంది. సమాన మెట్లలో షడ్జమం తప్ప ఏదీ పూర్తిగా కుదరదు, ఏదీ పూర్తిగా విరగదు. మా జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించినప్పుడు మొదలైన నాటక సమాజాన్ని, దాని వెంట పెరిగిన పద్యనాటకాలను తలచుకోండి. ఒక పాత్రధారి నాలుగు శ్రుతి, ఇంకొకరు ఐదున్నర. ఒకరి పద్యం అయిన మరుక్షణం ఇంకొకరి పద్యం. హార్మోనిస్టు వేళ్లు జరిపితే చాలు, శ్రుతి మారాలి. అక్కడ సమాన మెట్లు తప్ప వేరే దారి లేదు. పైగా నేను విన్నంతలో పద్యం చివర సాగదీసే రాగం ఎక్కువగా పంచమం మీదో తారషడ్జమం మీదో నిలుస్తుంది. ఆ రెండూ సమాన మెట్లలోనూ బాగుంటాయి. గాంధారం మీద పద్యం పరుగెడుతుంది, వణుకు మొదలయ్యే లోపే దాటిపోతుంది. నాటకం వినేవాళ్లలో ఒక్కరు కూడా నాతో గాంధారం గురించి ఫిర్యాదు చేయలేదు. ఆ పదును వాళ్లకు ఇష్టం.

ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించి 1971 దాకా రానివ్వలేదన్నది మీకు తెలిసే ఉంటుంది. గమకం (స్వరాన్ని ఊపి పలకడం) రాదని, మెట్లు మన శ్రుతులకు సరిపోవని అప్పటి వాదం. రెండూ నిజమే. కానీ ఆ ముప్ఫై ఏళ్లూ ఊళ్లలో జనం హార్మోనియం వింటూనే ఉన్నారు, ఇష్టంగా విన్నారు. వినేవారి ఇష్టం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టలేం.

అలవాటు ఎంత బలమైనదో ఇంట్లోనే చూశాను. మా మేనల్లుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. వాడికి రెండు గాంధారాలూ విడివిడిగా వినిపించాను, తంబూరా లేకుండా. "ఇది కాస్త కిందికి ఉంది మామా, నీరసంగా ఉంది" అన్నాడు తంబూరా గాంధారాన్ని. జీవితమంతా గుడి భజనల్లో పాడిన మా అమ్మ అదే బాగుందంది, కీబోర్డుది "గుచ్చుతోంది" అంది. తర్వాత తంబూరా మోగిస్తూ మళ్లీ వినిపించాను, ఒక్కో స్వరం చాలాసేపు. మేనల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. "ఇది ఆగింది మామా, అది ఆగట్లేదు" అన్నాడు. అయినా పెళ్లిలో మాత్రం తన కీబోర్డులాగే ఉండాలన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. వాడి పక్కన గిటారు ఉంటుంది, రికార్డు చేసిన వాద్యాలు ఉంటాయి, అవన్నీ సమాన మెట్లలోనే ఉంటాయి.

పరిశోధకులు చేసిన పరీక్షల్లోనూ ఇలాంటిదే కనబడింది. 1984లో లిండా రాబర్ట్స్, మాక్స్ మాథ్యూస్ స్వరాల గుత్తులు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) వినిపించి చూస్తే శ్రోతలు రెండు రకాలుగా చీలారు. కొందరికి వణుకు లేని శ్రుతి నచ్చింది, కొందరికి కాస్త పక్కకు జరిగి వణుకుతున్నదే నచ్చింది. 2016లో బొలీవియాలోని చిమానే ప్రజల మీద జరిగిన అధ్యయనంలో, పాశ్చాత్య సంగీతం పెద్దగా వినని ఆ జనం కుదిరిన గుత్తులనూ, కుదరని గుత్తులనూ ఒకేలా ఇష్టపడ్డారు. కాబట్టి సహజ నిష్పత్తులు మనిషి పుట్టుకతోనే నచ్చి తీరతాయని, సమాన మెట్లు మనసును పాడుచేస్తాయని అంటూ తిరిగే సందేశాలను నమ్మకండి.

మన సంగీతం విషయంలో ఇంకో సంగతి ఉంది. తోడి రాగంలో గాంధారం ఎక్కడ నిలుస్తుంది? నిలవదు, ఊగుతుంది. ఊగే స్వరానికి 14 సెంట్ల లెక్క వేయడం నీటి మీద గీత గీయడమే. శంకరాభరణంలో గాంధారం మీద నిలబడినప్పుడు మాత్రం ఆ లెక్క ప్రాణం. కీబోర్డుకు రాని పెద్ద విషయం గమకం. శ్రుతి లోటు దాని తర్వాతే. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉంటుంది. ఆ రాగంలో గాంధారం ఎంత ఎత్తున పలకాలన్నది గొంతు నుంచి గొంతుకు రావలసిందే.

మీ అమ్మాయి సంగతికి వస్తాను. గురువుగారు చెప్పింది సరైనదే, ముఖ్యంగా ఈ దశలో. మొదట నేర్పే సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో కదా. అందులో ఉన్నది అంతర గాంధారమే, మొదటి కాలంలో ఒక్కో స్వరం నిలిపి పాడాలి. అంటే తేడా అన్నిటికన్నా ఎక్కువ తెలిసే స్వరం మీద, తెలిసే వేగంలో రోజూ సాధన చేస్తోంది. కీబోర్డు గాంధారాన్ని చెవి ఇంటి స్వరంగా పట్టేసుకుంటే తర్వాత తంబూరా దగ్గర అది "కిందికి" వినిపిస్తుంది, మా మేనల్లుడికి లాగా. కీబోర్డు తప్పనిసరైతే షడ్జమం, పంచమం మాత్రమే నొక్కి పెట్టి, మిగతావి గొంతుతో వెతుక్కోమనండి. కొన్ని కీబోర్డుల్లో స్వరాలను ఒక్కొక్కటిగా జరిపే స్కేల్ ట్యూనింగ్ అనే అమరిక ఉంటుంది. ఉంటే గాంధారం 14 తగ్గించండి, కాకలి నిషాదం (పై ని) 12 తగ్గించండి, పంచమం రెండు పెంచండి, మధ్యమం రెండు తగ్గించండి. రిషభ ధైవతాలను గురువుగారికే వదిలేయండి, ఆ రాగంలో అవి లెక్కకు కూర్చునేవి కావు. శ్రుతి మార్చి పాడితే ఈ అమరికనూ ఆ శ్రుతికి తగ్గట్టు మార్చాలని మరచిపోకండి, నా భజన మండలి పెట్టెకు జరిగింది మీకు జరగకూడదు.

ఒకసారి ఇంట్లో మీరే చూడండి. తంబూరా, లేదా ఫోనులో శ్రుతి పెట్టి, అమ్మాయిని గాంధారం దగ్గర పది సెకన్లు ఆగమనండి. ముందు కీబోర్డుతో కలిపి, తర్వాత కీబోర్డు ఆపి. ఏది బాగుందని ఆమెను అడగకండి. మీరు పక్క గదిలో కూర్చుని, ఏ గాంధారం దగ్గర గొంతు ఇక వెతకడం మానేసిందో వినండి.